పాత పాటల కవర్లు: "ఒరిజినల్ స్కేల్" పట్టుదల, ఇంకొన్ని అపోహలు

"స్కేల్ మాత్రం మార్చొద్దన్నా, ఒరిజినల్ ఎందులో ఉందో అందులోనే కావాలి."

పాత పాటకి కవర్, అంటే అదే పాటని తమ గొంతుతో కొత్తగా రికార్డ్, చేయించుకుందామని వచ్చేవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. వాయిద్యాలు మార్చమంటారు, టెంపో తగ్గించమంటారు, రెండో చరణం తీసేయమంటారు, మధ్యలో వచ్చే వయొలిన్ బిట్ మొత్తం గిటార్ మీద కావాలంటారు. స్కేల్, అంటే పాట ఏ శ్రుతిలో ఉందన్న సంగతి, దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని ముట్టుకోకూడదన్నట్టు ఆగిపోతారు. నా పని ట్రాకులు చేయడం, వోకల్స్ రికార్డ్ చేయడం, మిక్స్ చేయడం. ఈ పనిలో రోజూ వినే అపోహల్లో పాడేవాళ్లకి ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీని గురించే వివరంగా రాస్తున్నాను, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఒరిజినల్ స్కేల్‌లో పాడలేకపోతే ఆ పాట పాడే అర్హత లేనట్టే.

వాస్తవం: ఏ పాటకైనా స్కేల్ కుదిర్చేది ఆ రోజు మైకు ముందు నిలబడిన గొంతుని బట్టి. స్వరకర్త హార్మోనియం మీద ఒక శ్రుతిలో కట్టి ఉండొచ్చు, గాయకుడు వచ్చి పల్లవి పాడి చూశాక "అర శ్రుతి దించుదాం" అనుకుని ఉండొచ్చు, ఆ దించినదే రికార్డయి మన చెవుల్లో స్థిరపడిపోయింది. అంటే మీరు పట్టుబడుతున్న ఆ స్కేల్ ఒకప్పుడు ఇంకొకరి గొంతుకి తీసిన కొలత. ఆ కొలతతో కుట్టిన చొక్కా మీకు పట్టకపోతే తప్పు మీ ఒంటిది ఎలా అవుతుంది?

పైగా రికార్డులో వినిపించే శ్రుతి అసలు పాడిన శ్రుతి అయి ఉండాలని కూడా లేదు. టేప్ మీద రికార్డ్ చేసిన రోజుల్లో స్పీడ్ పెరిగితే శ్రుతి కూడా పెరిగేది, సుమారు ఆరు శాతం స్పీడ్ పెరిగితే ఒక అరస్వరం (కీబోర్డు మీద పక్క మెట్టు వరకు ఉండే దూరం) పైకి వెళ్తుంది. బీటిల్స్ 1967లో విడుదల చేసిన "వెన్ అయామ్ సిక్స్‌టీ ఫోర్" పాటని కావాలనే ఇలా స్పీడ్ పెంచి పైకి జరిపారు, గొంతు ఇంకా కుర్రతనంగా వినిపించాలని. 1959 నాటి మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ "కైండ్ ఆఫ్ బ్లూ" సంగతి ఇంకా విచిత్రం. మొదటి సైడ్ రికార్డ్ చేసిన మెషీన్ కాస్త నెమ్మదిగా తిరగడంతో ఆ మూడు ట్రాకులు దశాబ్దాల పాటు అసలు వాయించినదానికంటే కొంచెం పై శ్రుతిలోనే అందరికీ వినిపించాయి, 1990ల్లో మళ్లీ విడుదల చేసినప్పుడు గానీ సరిచేయలేదు. అన్నేళ్లూ ఆ రికార్డుతో పాటు సాధన చేసినవాళ్లు మెషీన్ చేసిన తప్పునే ఒరిజినల్ శ్రుతి అనుకున్నారు. ఇలాంటివి తెలిశాక కూడా స్కేల్ మారితే పాట చెడిపోతుందని ఎవరైనా గట్టిగా వాదిస్తుంటే నాకు ఓపిక ఉండదు.

ఆడవాళ్లు మగ గాయకుల పాటలు తీసుకున్నప్పుడు ఈ పట్టుదల ఇంకా బాధ పెడుతుంది. అదే స్కేల్‌లో, అదే స్థాయిలో పాడితే చరణంలో కింది స్వరాలు గాలి తప్ప వినిపించవు. ఒక స్థాయి పైకి తీసుకెళ్తే పల్లవి మొత్తం తారస్థాయిలో కూర్చుంటుంది. మధ్యలో ఎక్కడో, చాలాసార్లు నాలుగైదు అరస్వరాలు అటో ఇటో జరిపితే, హాయిగా పాడుకునే చోటు దొరుకుతుంది. మగవాళ్లు ఆడవాళ్ల పాట పాడినా ఇదే లెక్క. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది. మంచి గొంతు, సాధన ఉన్న గొంతు. ఒరిజినల్ స్కేల్‌లోనే ట్రాక్ చేయించుకుంది. పల్లవి మొదటి లైను బాగానే వెళ్లింది, రెండో లైను పైకి ఎక్కే చోట గడ్డం పైకి లేస్తోంది, భుజాలు బిగుస్తున్నాయి, ఆఖరి దీర్ఘం దగ్గర స్వరం సరిగ్గానే ఉన్నా శబ్దం పిండినట్టు సన్నబడిపోతోంది. టేక్ తర్వాత టేక్ అడుగుతోంది, ప్రతి టేక్‌కీ మధ్య నీళ్లు తాగుతోంది, గొంతు సవరించుకుంటోంది. ఆ సవరించుకోవడం మొదలైందంటే నాకు అర్థమైపోతుంది. ట్రాక్ నా దగ్గరే చేసింది కాబట్టి రెండు అరస్వరాలు దించి, "ఒక్కసారి దీని మీద పాడమ్మా, వద్దనుకుంటే తీసేద్దాం" అన్నాను. అదే లైను, అదే మనిషి. గడ్డం కదల్లేదు. ఇంతసేపూ వినపడని గమకం ఒకటి దానంతట అదే వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు ఆ స్వరం అందుకోవడానికే ఉన్న శక్తంతా ఖర్చు చేయాల్సిన పని లేదు. హెడ్‌ఫోన్స్ తీసి ఆ అమ్మాయి అన్న మొదటి మాట: "చాలా బాగుందన్నా, కానీ స్కేల్ దించానని కామెంట్లలో పట్టేస్తారేమో."

ఆ భయం నాకు అర్థమవుతుంది. పాత పాట అంటే వినేవాళ్ల జ్ఞాపకాలన్నీ దానికి అతుక్కుని ఉంటాయి, కొంచెం తేడా వచ్చినా "చెడగొట్టారు" అని రాసేవాళ్లు ఉంటారు, అది చదివి రాత్రంతా నిద్రపోని పిల్లలు నాకు తెలుసు. వాళ్లకి ఒకటే చెప్తాను. వినేవాళ్లలో స్కేల్ మారిందని గుర్తుపట్టేవాళ్లు చాలా తక్కువ. గొంతు ఇబ్బంది పడుతోందని మాత్రం సంగీతం రానివాళ్లకి కూడా వెంటనే తెలిసిపోతుంది, "ఏదో తేడాగా ఉంది" అంటారు.

స్కేల్ చూసుకునేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఇంకోటి ఉంది, పాటలో అన్నిటికంటే పై స్వరం ఒక్కటి అందితే చాలనుకుంటారు. ఎంత పైకి వెళ్తుందన్నదానికంటే ఎక్కువసేపు ఎక్కడ ఉంటుందన్నది ముఖ్యం. ఒక్కసారి తాకి దిగిపోయే పై స్వరాన్ని దొంగ గొంతుతోనైనా దాటించొచ్చు, పల్లవి మొత్తం దాని కింద అరస్వరంలోనే తిరుగుతుంటే అలా కుదరదు. పాట ఎన్నిసార్లు పల్లవికి తిరిగి వస్తే అన్నిసార్లు ఆ బరువు మోయాల్సిందే. అందుకే ట్రాక్ చేయించుకునే ముందు పాట మొత్తం ఏ మ్యూజిక్కూ లేకుండా, మధ్యలో ఆపకుండా, వరసగా రెండుసార్లు పాడి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మొదటిసారి పాడింది పక్కన పెట్టేయండి. రెండోసారి పాడినప్పుడు చివరి చరణం, దాని తర్వాత వచ్చే పల్లవి ఎలా ఉన్నాయో వినండి. అక్కడ కూడా మాట స్పష్టంగా ఉండి, అదే సమయంలో కింది స్వరాలు కూడా వినిపిస్తుంటే అదే మీ స్కేల్. మరీ దించేసినా పాట నీరసపడిపోతుంది, కాబట్టి హాయిగా అనిపించిన చోటు నుంచి అరస్వరం పెంచి కూడా ఒకసారి చూడండి.

డౌన్‌లోడ్ చేసిన కరావోకే ట్రాక్‌ని సాఫ్ట్‌వేర్‌లో జరిపేస్తే సరిపోతుంది కదా అంటారు. ఒకటి రెండు అరస్వరాల వరకు పెద్దగా తెలియదు. అంతకు మించితే డ్రమ్స్ మెత్తబడతాయి, కోరస్ గొంతులు బొంగురుగానో పిల్లల గొంతుల్లానో మారతాయి. అప్పుడు ట్రాక్ కొత్తగా చేయించుకోవడమే మంచిది.

గొంతు విషయం కూడా చెప్పి ఈ సంగతి ముగిస్తాను. నేను డాక్టర్‌ని కాదు, కానీ గాయకుల పక్కన కూర్చునే పని కాబట్టి చూస్తూనే ఉంటాను. అందని చోట నెలల తరబడి నెట్టుకుంటూ పాడితే స్వరతంత్రుల మీద కాయల్లాంటివి కట్టొచ్చు, వాటినే నాడ్యూల్స్ అంటారు. పాడినప్పుడు నొప్పి వస్తే ఆపేయాలి, నొప్పి తెలియకుండా చేసే బిళ్లలు చప్పరించి టేక్ ఇవ్వడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఆపమని చెప్పే ఆ ఒక్క సూచన కూడా పోతుంది. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఇంకో పాట మొదలుపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను వినిపించే కవర్ ఒకటుంది. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండ్ 1994లో చేసిన "హర్ట్" పాటని 2002లో కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాడాడు. అప్పటికి ఆయనకి 70 ఏళ్లు, ఆరోగ్యం బాగా దెబ్బతింది, తర్వాతి ఏడాదే చనిపోయాడు. గొంతులో వణుకు ఉంది, ఊపిరి తక్కువైంది, దేన్నీ దాచలేదు. తన గొంతు ఆ రోజు ఎక్కడుందో అక్కడి నుంచే పాడాడు. ఇవాళ ఆ పాట పేరు చెబితే చాలామందికి ముందు ఆయనే గుర్తొస్తాడు.

ఇక మిగతావి.

అపోహ: పాడేటప్పుడు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఆటోట్యూన్ ఉందిగా.

ఆటోట్యూన్ 1997లో వచ్చింది. అది స్వరాన్ని సరైన చోటికి జరుపుతుంది, అంతే. బిగుసుకున్న గొంతుని వదులు చేయదు, మింగేసిన అక్షరాన్ని తిరిగి తేదు. పైన చెప్పిన అమ్మాయి మొదటి టేకుల్లో స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆటోట్యూన్‌కి అక్కడ చేయడానికి పనే లేదు.

అపోహ: నెమ్మదిగా చేసి పియానో పెడితే మోడర్న్ అయిపోతుంది.

అవదు. టెంపో తగ్గించగానే ప్రతి దీర్ఘం ఇంకా పొడవవుతుంది, ఊపిరి లెక్క మారుతుంది, మాటల మధ్య ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీల్లో ఏం చేయబోతున్నారో ముందే ఆలోచించుకుంటేనే నెమ్మది చేయండి. పాటలోని మాటకి ఆ నెమ్మది అవసరమా అని ఎవరూ అడగడం లేదు, అందుకే అన్ని కవర్లూ ఒకేలా వినిపిస్తున్నాయి.

అపోహ: కవర్ వల్ల ఒరిజినల్ పాడైపోతుంది.

ఒరిజినల్ రికార్డింగ్ ఎక్కడికీ పోదు. మనం క్లాసిక్ అనుకునేవాటిలోనే ఎన్నో కవర్లు ఉన్నాయి. "రెస్పెక్ట్" పాటని 1965లో ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడాడు. 1967లో అరేతా ఫ్రాంక్లిన్ పాడినప్పుడు, ఆ మాటని అక్షరం అక్షరం విడగొట్టి పలికే భాగం కొత్తగా చేరింది, అదే ఇప్పుడు అందరి నోటా ఉంది. లెనార్డ్ కోహెన్ 1984 నాటి "హల్లెలూయా"ని 1991లో జాన్ కేల్ చరణాలు ఏరుకుని పాడాడు, 1994లో జెఫ్ బక్లీ పాడింది ఆ కేల్ పద్ధతిని చూసే, అంటే కవర్‌కి కవర్. ట్రేసీ చాప్‌మన్ 1988లో పాడిన "ఫాస్ట్ కార్"ని 2023లో ల్యూక్ కోంబ్స్ పాడితే, ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చిన ఉత్తమ గీతం అవార్డు పాట రాసిన ఆవిడకే వెళ్లింది. 2024 గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడాక ఆవిడ పాత రికార్డింగే మళ్లీ చార్టుల్లోకి వచ్చింది. బాగాలేని కవర్లు బోలెడు వస్తాయి, నిజమే, వాటిని జనం కొన్ని వారాల్లో మర్చిపోతారు.

అపోహ: డిస్క్రిప్షన్‌లో క్రెడిట్ ఇస్తే, లేదా 30 సెకన్లే వాడితే కాపీరైట్ సమస్య రాదు.

30 సెకన్ల రూల్ అనేది ఎక్కడా లేదు. క్రెడిట్ ఇవ్వడం మర్యాద, అనుమతి వేరు. పాటలో రెండు రకాల హక్కులుంటాయి: సాహిత్యం, బాణీ ఒకటి, ఆ రికార్డింగ్ ఇంకొకటి. మీరు సొంతంగా ట్రాక్ చేయించుకుంటే రెండోదాని జోలికి వెళ్లినట్టు కాదు, మొదటిది మాత్రం అలాగే ఉంటుంది. ఒరిజినల్ నుంచి గొంతు తీసేసిన ట్రాక్ మీద పాడితే రెండూ తగులుకుంటాయి. అమెరికాలో 1909 నుంచీ ఆడియో కవర్లకి తప్పనిసరి లైసెన్స్ పద్ధతి (రాయల్టీ కడితే హక్కుదారు కాదనలేని లైసెన్స్) ఉంది, కానీ అది వీడియోకి వర్తించదు, దానికి సింక్ లైసెన్స్ (పాటని దృశ్యంతో జోడించడానికి అనుమతి) విడిగా తీసుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం కవర్ రికార్డింగ్ చేయాలంటే, మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ముందుగా నోటీసు, రాయల్టీ ఇవ్వాలి.

యూట్యూబ్‌లో క్లెయిమ్ రాగానే ఛానల్ పోయిందని ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లున్నారు. కంగారు పడకండి, కంటెంట్ ఐడీ (పాటని దానంతట అదే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిమ్ వేరు, కాపీరైట్ ఉల్లంఘనకి ఛానల్ మీద పడే స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే చాలాసార్లు ఆ వీడియో మీద వచ్చే డబ్బు హక్కుదారుకి వెళ్తుంది, వీడియో ఉంటుంది, కొన్నిసార్లు బ్లాక్ చేస్తారు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్‌కి ముప్పు. మెయిల్‌లో ఏది వచ్చిందో, క్లెయిమ్ బాణీ మీదా రికార్డింగ్ మీదా అన్నది మొత్తం చదివి, అప్పుడు క్లెయిమ్ తప్పని వాదించే డిస్ప్యూట్ బటన్ సంగతి ఆలోచించండి. మీ దగ్గర అనుమతి కాగితం లేకపోతే దాన్ని నొక్కకండి.