ఎరువు చల్లే బండి ఎలా పుట్టింది

ఎండాకాలంలో మన పల్లెల్లో పశువుల ఎరువు తోలడం చూస్తుంటే పని సగంలో ఆగిపోయినట్టు ఉంటుంది. దిబ్బ దగ్గర జేసీబీ ఎత్తి పోస్తుంది, ట్రాక్టర్ చేనుకు తీసుకెళ్లి కుప్పలు దించి వస్తుంది. అక్కడి నుంచి మాత్రం పార, తట్ట, కూలీ చేతులే దిక్కు. కూలీలు దొరికేదాకా కుప్పలు ఎండుతుంటాయి, నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. చివరికి కుప్ప ఉన్న చోట పైరు ఏపుగా, దాని పక్కనే పాలిపోయి కనిపిస్తుంది.

దాదాపు 150 ఏళ్ల కిందట ఉత్తర అమెరికా రైతులూ ఈ చిక్కులోనే ఉన్నారు. అక్కడ చలికాలమంతా పశువులు కొట్టాల్లోనే ఉంటాయి. వసంతం వచ్చేసరికి ఎరువు గుట్టలుగా పేరుకుంటుంది. విత్తనం పడేలోపు దాన్నంతా గుర్రపు బండ్లకెత్తి, తోలి, చేలో చల్లాలి. ఇంట్లో ఎదిగిన మగపిల్లలందరికీ అదే పని.

దీనికి ఒక యంత్రాన్ని తయారుచేసి నిలబెట్టిన మొదటివాడు జోసెఫ్ కెంప్. 1875లో దాన్ని రూపొందించేనాటికి ఆయన కెనడాలో ఉండేవాడు, తర్వాత న్యూయార్క్ రాష్ట్రానికి మారాడు. ఆయన పద్ధతి బండిలో అడుగుభాగమే మెల్లగా వెనక్కి జరిగేలా చెయ్యడం. అలా జరుగుతూ వచ్చిన ఎరువును వెనక తిరిగే పళ్ల రోలర్ చీల్చి కిందికి రాలుస్తుంది. ఇంజిన్ లేదు. గుర్రాలు లాగుతుంటే తిరిగే బండి చక్రాలే గొలుసులతో, పళ్ల చక్రాలతో మిగతావాటిని తిప్పుతాయి. 1880లో కెంప్ పేరుతో కంపెనీ కూడా ఏర్పడింది.

దించే కష్టం తీరింది గానీ చల్లే కష్టం తీరలేదు. ఆ బండి ఎరువును తన వెడల్పు మేరకే ఒక చారలా వదిలేది. ఆ చారను మళ్లీ మనుషులే ఇటూ అటూ చిమ్మాల్సి వచ్చేది.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన మనిషి వస్తాడు. ఒహాయోలో మరియా స్టెయిన్ అనే చిన్న ఊరి బడిపంతులు జోసెఫ్ ఓపెన్‌హైమ్. ఎరువు పనుల రోజుల్లో పెద్ద పిల్లలు బడి ఎగ్గొట్టడం ఆయన్ను బాధపెట్టింది. పిల్లల్ని గాని, తండ్రుల్ని గాని తప్పుపట్టకుండా ఆ పనినే తేలిక చేసే దారి వెతికాడు. పలక లాంటి బ్యాటుతో బంతిని ఎడమకో కుడికో మళ్లించే ఒక ఆట ఆయనకు ఆ దారి చూపిందని చెబుతారు. రోలర్ వెనక వాలుగా అమర్చిన రెక్కలు తిరుగుతుంటే, రాలే ఎరువు రెండు పక్కలకూ ఎగిరి వెడల్పుగా పడుతుంది. 1899లో ఇంటి వెనక చిన్న షెడ్డులో పెద్దకొడుకు సాయంతో మొదటి బండి కట్టాడు. ఇరుగుపొరుగు దాన్ని 'ఓపెన్‌హైమ్ న్యూ ఐడియా' అన్నారు, ఆయన కంపెనీకి ఆ పేరే పెట్టుకున్నాడు. 1901 నవంబరులోనే ఆయన పోయాడు. భార్యా పిల్లలూ కంపెనీని వదల్లేదు. 1945 దాకా అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

ఈలోగా పెద్ద కంపెనీలూ దిగాయి. కెంప్ స్ప్రెడర్ (ఎరువు చల్లే బండి) వ్యాపారాన్ని 1906లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కొనేసింది.

ఈ యంత్రం కూలిని మిగిల్చిందని అందరూ అంటారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒక గోధుమ మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తూ వస్తున్నారు, దిగుబడి బాగా వస్తోంది. కానీ అంత ఎరువు ఏ రైతు దగ్గరుంటుంది? పారతో పలచగా, సమంగా చల్లడం చాలా కష్టం, చెయ్యి తెలియకుండానే ఒకచోట దట్టంగా పోస్తుంది. యంత్రంలో అడుగుభాగం జరిగే వేగాన్ని మార్చి ఎకరాకు ఎంత పడాలో రైతే నిర్ణయించుకోవచ్చు. ఉన్న ఎరువే ఎక్కువ ఎకరాలకు అందుతుంది. మన దగ్గర గొర్రెల మంద పెట్టించే రైతుకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మందను రోజూ కొంచెం కొంచెం జరిపించుకుంటూ పోయేది చేనంతా సమంగా పడాలనే.

ఇప్పటి స్ప్రెడర్లు ట్రాక్టర్ పీటీఓతో, అంటే ఇంజిన్ శక్తిని వెనక తగిలించిన యంత్రానికి అందించే ఇరుసుతో తిరుగుతున్నాయి. గుర్రాలూ ఇనుప చక్రాలూ పోయాయి, జరిగే అడుగూ, చీల్చే రోలరూ చాలావాటిలో అలాగే ఉన్నాయి. రోటవేటర్లు అద్దెకిచ్చే ప్రతి కేంద్రంలో ఒక స్ప్రెడర్ ఉండాలని గట్టిగా కోరుకుంటాను. తెచ్చుకునే ముందు దిబ్బలోని రాళ్లూ, ప్లాస్టిక్ కవర్లూ, తాళ్లూ ఏరెయ్యాలి. అవి పళ్లకు చుట్టుకుంటే రోలర్ ఆగిపోతుంది. బాగా చివికిన ఎరువైతే పొడిపొడిగా విడిపోతుంది, పచ్చి పేడ ముద్దలుగానే పడుతుంది.