ముట్టు గుడ్డ ఎండలోనే ఎందుకు ఆరాలి?

"మా బడిలో చాలామంది ఆడపిల్లలు గుడ్డే వాడతారు. అది మానేసి ప్యాడ్‌లకి మారమని చెప్పనా?" అని పల్లెలో పాఠాలు చెప్పే ఒక టీచరు అడిగారు. మాన్పించక్కర్లేదు మేడమ్. శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డ బాగానే పనిచేస్తుంది. చిక్కంతా దాన్ని ఆరేసే చోటుతోనే.

ఎవరి కంటా పడకూడదని మంచం కిందో, తలుపు వెనకో ఆరేస్తారు. తెల్లారి ముట్టుకుంటే పొడిగానే తగులుతుంది. కానీ నూలు అంటే సెల్యులోజ్ అనే మొక్కల పీచు పదార్థం. దాని అణువుల నిండా ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్-హైడ్రోజన్ జతలు) నీటిని హైడ్రోజన్ బంధాలు అనే ఆకర్షణతో పట్టుకుంటాయి. ఆ తేమలో సూక్ష్మజీవులకి అందే వంతుని 'నీటి క్రియాశీలత' అనే కొలతతో చెబుతారు. స్వచ్ఛమైన నీటికి అది 1. చాలా బాక్టీరియాలకి 0.9కి పైన కావాలి, చాలా రకాల బూజులకి 0.8 చాలు. మూలన గాలిలో తేమ 80 శాతం ఉంటే గుడ్డ ఎన్నాళ్లున్నా 0.8 కిందికి దిగదు.

రైతుల పిల్లలకి ఈ సంగతి ధాన్యంతో చెప్పండి, ఇట్టే పట్టుకుంటారు. పైపైన ఎండిన గింజల్ని గరిసెలో పోస్తే లోపల బూజు పడుతుంది. అందుకే పల్చగా పరిచి, తిరగేస్తూ ఎండబెడతారు. గుడ్డనీ మడత లేకుండా పరిచే ఆరేయాలి. గింజకైనా పోగుకైనా లెక్క ఒకటే.

ఎండ వేడికి గుడ్డ చుట్టూ సాపేక్ష తేమ (గాలి పట్టగల తేమలో ఎంత వంతు ఉందో ఆ శాతం) పడిపోతుంది. పైగా అతినీలలోహిత కిరణాలు సూక్ష్మజీవి డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమీన్లని (డీఎన్‌ఏ అక్షరాల్లో ఒక రకం) అతికించేస్తాయి, దాంతో అది పెరగలేదు. పైన పల్చటి బట్ట కప్పితే కిరణాలు కొంత ఆగినా, గాలాడితే గుడ్డ ఆరుతుంది. వానాకాలంలో వేడి ఇస్త్రీ పెట్టొచ్చు.

ముట్టు రక్తాన్ని 'చెడు రక్తం' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది ఒంట్లో పారే రక్తమే, గర్భాశయపు లోపలి పొరతో కలిసి వస్తుంది. నెలకి సగటున 30-40 మిల్లీలీటర్లు. మామూలుగా యోనిలో లాక్టోబాసిల్లస్‌లు అనే మేలుచేసే బాక్టీరియాలు పీహెచ్‌ని (ఆమ్లత్వపు కొలత; 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) 3.8-4.5 దగ్గర ఉంచుతాయి. రక్తం పీహెచ్ 7.4 కాబట్టి ఆ రోజుల్లో ఆ ఆమ్లపు కాపలా సడలుతుంది. సరిగ్గా అప్పుడే చెమ్మ గుడ్డ పెట్టుకోవడం మంచిది కాదు.

గుడ్డని ముందు చన్నీళ్లలో జాడించి, తర్వాత సబ్బుతో ఉతకాలి. వేడినీళ్లకి రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి మరక పట్టేస్తుంది. 4 నుంచి 8 గంటలకోసారి మార్చుకోవాలి. ముట్టు ఏడు రోజులు దాటినా, గంటకో గుడ్డ తడిసిపోతున్నా డాక్టరుకి చూపించాలి.

తల్లిదండ్రుల సమావేశంలో ఒక్క మాట అడగండి మేడమ్: దండెం మీద నాన్న చొక్కా పక్కనే ఈ గుడ్డకీ చోటివ్వమని.