హైదరాబాద్ నుంచి డల్లాస్: టికెట్ మీద టైమ్ చూసి మోసపోకండి

తెల్లవారుజామున 3:30కి శంషాబాద్‌లో ఎక్కితే అదే రోజు సాయంత్రం 4 గంటలకి డల్లాస్‌లో దిగుతారని టికెట్ మీద ఉంటుంది. "పన్నెండున్నర గంటలేగా, అమ్మానాన్నలకి వీల్‌చైర్ ఎందుకండీ?" ఈ వారంలో నా దగ్గర టికెట్లు కొనడానికి వచ్చినవాళ్లలో ముగ్గురు ఇదే అడిగారు.

టికెట్ మీద కనిపించే ప్రతి టైమూ ఆ ఊరి గడియారం టైమే. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. వేసవి లెక్కన అసలు ప్రయాణం 23 గంటలు. మధ్యలో విమానం మారే దోహా (ఖతార్) దాకా నాలుగున్నర, అక్కడ రెండున్నర గంటలు ఆగాలి, ఆపైన ఏకబిగిన పదహారు గంటలు కూర్చోవాలి. ఇన్సులిన్ తీసుకునే పెద్దవాళ్లుంటే ఈ 23 గంటల లెక్కే డాక్టర్‌కి చెప్పి, ఏ డోసు ఎప్పుడో ముందే రాయించుకోండి.

అన్నిటికన్నా డబ్బు పోయేది తేదీ దగ్గర. 12వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున 3:30 అంటే 11వ తేదీ గురువారం రాత్రే ఇంట్లోంచి బయల్దేరాలి. శుక్రవారం రాత్రి కాదు! రెండేళ్ల క్రితం ఖమ్మం వైపు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య పచ్చళ్ల డబ్బాలతో సహా శుక్రవారం రాత్రి పదకొండింటికి ఎయిర్‌పోర్టుకి చేరారు. విమానం వెళ్లిపోయి దాదాపు ఇరవై గంటలైంది. అక్కడ కూతురికి నెలలు నిండాయి. ఫోన్‌లో ఆ కూతురి ఏడుపు నాకింకా గుర్తుంది. చెప్పకుండా మొదటి విమానం ఎక్కకపోతే, అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణాన్ని కూడా చాలా ఎయిర్‌లైన్స్ రద్దు చేస్తాయి. వాళ్లకీ అదే జరిగింది. మళ్లీ రెండు టికెట్లు కొనాల్సి వచ్చింది.

వచ్చేటప్పుడు ఇంకో టెన్షన్. 5వ తేదీ సాయంత్రం 7కి డల్లాస్‌లో ఎక్కినవాళ్లు 7వ తేదీ తెల్లవారుజామున 2:30కి ఇక్కడ దిగుతారు. "రెండు రోజులు పడుతోందట" అని చుట్టాలు కంగారు పెడతారు. వేసవి లెక్కన పట్టేది 21 గంటలే. కారు మాత్రం 6వ తేదీ రాత్రే పంపాలి.

వచ్చేటప్పుడు టైమ్ తగ్గేది భూమి తిరగడం వల్లనని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. పైన పడమర నుంచి తూర్పుకి వీచే బలమైన గాలులు వెనక నుంచి తోస్తాయి, అంతే. దోహా మీదుగా వెళ్తే దూరం రెట్టింపు అవుతుందన్నదీ నిజం కాదు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది, దాదాపు 14,400 కిలోమీటర్లు. దోహా మీదుగా 15,600 పైచిలుకు.

ఖమ్మం వాళ్ల సంగతి తర్వాత నేను ప్రతి టికెట్ ప్రింటు మీదా ఎర్ర పెన్నుతో తెలుగులో రాసి ఇస్తున్నాను: "11వ తేదీ, గురువారం, రాత్రి 11:30కల్లా శంషాబాద్‌లో ఉండాలి." ఆన్‌లైన్‌లో మీరే బుక్ చేసుంటే ఆ ముక్క మీరే రాసి, అమ్మ చేత ఒకసారి పైకి చదివించండి.