‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్న తర్వాత

‘ఇంక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అని పెద్దాస్పత్రిలో చెప్తారు. చుట్టాలు ఆటో మాట్లాడతారు, ఎవరో ఊళ్లోకి ఫోన్ చేస్తారు. ఆ తర్వాత మనిషికి పది రోజులుండొచ్చు, నాలుగు నెలలుండొచ్చు. ఆ నాలుగు నెలలు ఎవరి పూచీ అన్న ప్రశ్నను తెలుగునాట ప్రభుత్వ వైద్యం పట్టించుకోవడం మొదలై ఇరవై ఏళ్లే అయింది.

అంతకుముందు అది ఇంటివాళ్ల పని. మంచం పట్టినవాళ్ల దగ్గర వంతులవారీగా కూర్చునేవారు, ఆఖరి గడియలని తోస్తే కిందికి దించి నోట్లో తులసి తీర్థం పోసేవారు. కాశీలో పోతే పుణ్యమని అక్కడికే వెళ్లి ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్ల కోసమే అక్కడ 1958లో ముక్తిభవన్ వెలిసింది. గది ఇస్తారు, భజన వినిపిస్తారు, రెండు వారాలు గడువు. వైద్యం మాత్రం ఉండదు.

ఇంట్లోనూ లేనిది అదే. సేవ ఉండేది, మనుషులుండేవారు, నొప్పికి మందు ఉండేది కాదు. జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యాన్ని ఉపశమన చికిత్స అంటారు. మన దగ్గర దాని చరిత్ర చాలావరకు ఒక మాత్ర చరిత్ర. నల్లమందు నుంచి తీసే ఆ మాత్ర పేరు మార్ఫిన్.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు, తెరిచిన డాక్టర్ సిసిలీ సాండర్స్, నొప్పి వచ్చాక కాదు, రాకముందే గడియారం చూసి మందివ్వాలని పట్టుబట్టారు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పి మందులను మూడు మెట్లుగా పేర్చి మార్ఫిన్‌ను పై మెట్టు మీద పెట్టింది. మన దేశంలో తొలి హాస్పిస్, ముంబైలోని శాంతి అవేదన సదన్, మొదలైందీ ఆ ఏడాదే. కానీ దానికి ఏడాది ముందే మనం మార్ఫిన్‌ను తాళం వేసి దాచేశాం.

1985లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అంటే ఎన్‌డీపీఎస్, వచ్చింది. గురి పెట్టింది స్మగ్లర్ల మీద, దెబ్బ తగిలింది రోగులకు. మార్ఫిన్ దగ్గర పెట్టుకోవడానికి ఒక లైసెన్సు, తెప్పించుకోవడానికి ఒకటి, రవాణాకి ఇంకొకటి. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో గడువు. చివరిది చేతికొచ్చేసరికి మొదటిదానికి కాలం చెల్లేది. లెక్కలో తేడా వస్తే జైలు. ఏ డాక్టరైనా ఎందుకు తలకెత్తుకుంటాడు? పన్నెండేళ్లలో దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 97 శాతం దాకా పడిపోయింది. విడ్డూరం ఏమిటంటే, అదే కాలంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండుతూనే ఉంది, విదేశాల మందుల కంపెనీలకు ఎగుమతి అవుతూనే ఉంది. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం చూడకుండానే చదువు ముగించారు. ఇప్పటికీ ఆ పేరు వింటే భయపడే డాక్టర్లున్నారంటే మూలం అక్కడే ఉంది.

దారి చూపింది కేరళ. కోళికోడ్ మెడికల్ కాలేజీలో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, కొందరు మిత్రులు కలిసి ఉపశమన చికిత్స కోసం ఒక సొసైటీ పెట్టారు. తర్వాత మలప్పురం జిల్లాలో ఈ పని ఊళ్లకు పాకింది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లు వాలంటీర్లయ్యారు, డబ్బు చిన్న చిన్న చందాల్లో వచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించి పంచాయతీలకు అప్పగించింది. అక్కడ అది ఊరి పని అయింది, అందుకే నిలబడింది.

మన దగ్గర కథ ఊరి నుంచి కాక పెద్దాస్పత్రి నుంచి మొదలైంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో 2006లో డాక్టర్ గాయత్రి పాలట్ ఆధ్వర్యంలో ఉపశమన చికిత్స విభాగం పని మొదలుపెట్టింది. బయట 2011లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ స్పర్శ్ హాస్పిస్ తెరిచింది, ఉచితంగా.

ఎంఎన్‌జే విభాగంలో ఇచ్చే మందుల చీటీ ఒకసారి చూడాలి. పొద్దున ఆరుకి ఒకటి, పదికి ఒకటి, మధ్యాహ్నం రెండుకి, సాయంత్రం ఆరుకి, రాత్రి పదికి మాత్రం రెండు, నడిరాత్రి లేపకుండా నిద్రపోనివ్వడానికి. పక్కనే విరేచనం మందు, ఎందుకంటే మార్ఫిన్ మలబద్ధకం చేస్తుంది. చదువు రానివాళ్లకు సూర్యుడు, చంద్రుడు బొమ్మలేసినా సరిపోతుంది. ఇంతే వైద్యం. కానీ ఆ మాత్రలు దొరికేది హైదరాబాద్‌లోనే అయితే, ఆదిలాబాద్ మనిషికి అవి అయిపోయినప్పుడల్లా ఇంట్లో ఒకరు కూలి మానుకుని బస్సెక్కాలి.

2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించారు. ముఖ్యమైన నొప్పి మందులకు ఒకే అనుమతి, ఒకే అధికారి చాలన్నారు. అదే ఏడాది రాష్ట్రం విడిపోయింది, ఎంఎన్‌జే తెలంగాణకు మిగిలింది. ఆ అనుభవం దన్నుతో తెలంగాణ చేవెళ్లలో మొదలుపెట్టి జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్, అంటే ఉపశమన చికిత్స, వార్డులు తెరిచింది, ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ బండ్లు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు అలాంటి పునాది చేతిలో లేకుండా మొదలుపెట్టాల్సి వచ్చింది.

కోర్టుల దారి వేరే. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో మంచాన పడిన ఓ యువ చెస్ ఆటగాడు, అవయవాలు పాడవకముందే దానం చేసేలా తనను పోనివ్వమని హైకోర్టును అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు, కొద్ది రోజుల్లోనే అతను పోయాడు. 2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను, అంటే కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టే పత్రాన్ని, గుర్తించింది. మేజిస్ట్రేట్ సంతకం వగైరా నిబంధనలతో అది కాగితానికే పరిమితమైతే, 2023లో నోటరీ చాలని సడలించింది. మన ఇళ్లలో మాత్రం ఐసీయూ తలుపు బయట ఆ మాట ఎత్తడానికి కొడుకు జంకుతాడు, ఎత్తిన కూతురిని చుట్టాలు ఆడిపోసుకుంటారు.

పోయిన తర్వాత మిగిలినవాళ్ల సంగతి మరీ వెనకబడింది. దాన్ని ఆచారం చూసుకుంటుందని అందరూ వదిలేశారు. చూసుకునేది కూడా. పలకరించడానికి వచ్చేవాళ్లు, పది రోజులూ ఇంట్లో మనుషులు, దినాలయ్యాక చుట్టాలు తమ ఇంటికి నిద్రకు తీసుకెళ్లడం. కుంగిన మనిషిని ఒంటరిగా వదలకూడదన్న తెలివి ఇందులో ఉంది. కాకపోతే అదే ఆచారం భర్త పోయిన ఆడమనిషి గాజులు పగలగొట్టి మూల కూర్చోబెడుతుంది. కాబట్టి పాతదంతా మంచిదనలేం. ఇప్పుడేమో మూడో రోజుకే కార్యం ముగించి ఎవరి ఉద్యోగానికి వాళ్లు వెళ్తున్నారు.

ఆస్పత్రి వైపు నుంచి దీనికి చిన్న సందు ఒకటుంది. మనిషి పోయాక మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఇంట్లో ఉంచకూడదు, తిరిగి ఇచ్చెయ్యాలి. అలా వచ్చిన భార్యో కొడుకో అట్ట కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోవచ్చు. లేదా నర్సు మాత్రలు లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసుకుంటూ, ‘ఆఖరున నిద్రపోయారా అమ్మా?’ అని అడగొచ్చు.