తాతయ్యకి వేరే గిన్నె పెట్టను

చిరంజీవులు బుజ్జిగాడికి, చిట్టితల్లికి నాయనమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వేసవి సెలవుల్లో బుజ్జిగాడు ఒక మాట అడిగాడు. "తాతయ్యకి షుగరు కదా, ఆయనకి వేరే వంట చేయవేం?" అని. పొయ్యి మీద పప్పు పొంగుతోంది, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

మనం తిన్న అన్నం అరిగి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని ఒంట్లోని కణాల్లోకి చేర్చేది ఇన్సులిన్. పొట్టలో క్లోమం అనే గ్రంథి దాన్ని తయారుచేస్తుంది. తాతయ్యకి అది చాలినంత ఊరదు, ఊరిందీ సరిగా పనిచేయదు. అందుకని గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. పరగడుపున రెండుసార్లు చూసినా రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకి 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే షుగరు అంటారు. తాతయ్యకి మొదట చూసినప్పుడు 190.

నేను హడలిపోయి వేరే వంట మొదలుపెట్టాను. ఓట్సు, ఖరీదైన ముడిబియ్యం, చక్కెర లేదని రాసిన బిస్కెట్లు. నెల తిరిగేసరికి కొట్లో బాకీ పెరిగింది. అంతకన్నా బాధ, తాతయ్య ఒక్కరే ముందుగా కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా తినేసి లేచిపోయేవారు. ఒకరోజు మీ నాన్న బిస్కెట్ల పొట్లం వెనక చదివి చెప్పాడు, అందులో మొదటి పేరే మైదా. చక్కెర లేకపోతేనేం, మైదా కూడా గ్లూకోజే అవుతుంది. ఆ రోజుతో అన్నీ ఆపేశాను.

ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకటే గిన్నె. వడ్డన మాత్రం మారింది. సగం కంచం కూర. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లూ సగం కంచం కూరగాయలు, పళ్లే ఉండాలంటారు. మిగిలిన సగంలో పప్పో గుడ్డో కొంత, అన్నం కొంత. ముందు కూర, పప్పు తినేస్తే వాటిలోని పీచు, మాంసకృత్తుల వల్ల తర్వాత తిన్న అన్నం నిదానంగా అరుగుతుంది. బియ్యం ఆ కోటా బియ్యమే. మా ఇద్దరికీ పూటకి రెండు గ్లాసులు పోసేదాన్ని, ఇప్పుడు ఒకటే. ఓట్సు, బిస్కెట్లు మానేస్తే మిగిలిన డబ్బు పెసరపప్పుకీ ఆకుకూరలకీ సరిపోతోంది.

కూరలంటే ఖరీదనుకోకండి. తోటకూర, సొరకాయ, దొండకాయ రైతుబజారులో కట్టేసే వేళకి వెళ్తే చవగ్గా ఇస్తారు. మునగాకు పెరట్లోదే. బంగాళదుంప, చేమదుంప మాత్రం నేను అన్నం లెక్కలో వేస్తాను. సాయంత్రం ఆకలికి ఉలవలో బొబ్బర్లో గుగ్గిళ్లు.

రాగిజావ దగ్గర నేనూ పొరబడ్డాను. రాగులు మంచివని రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు ఇచ్చేదాన్ని, చూస్తే షుగరు పెరిగింది. మెత్తటి పిండి, పైగా పలచగా ఉడికించింది, గబగబా అరిగిపోతుంది. జొన్నరొట్టె అయితే నమిలి తింటారు, అంత తొందరగా పెరగదు. బెల్లం, తేనె మంచివని చెప్పేవాళ్లని నమ్మకండి, అవీ చక్కెరే. జామకాయ కొరుక్కుతినాలి గానీ రసం తీయకూడదు.

ఇంకో సంగతి, ఇది మీ ఇద్దరికీ కంఠతా రావాలి. మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యమైతే తాతయ్యకి షుగరు 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అప్పుడు పథ్యం చూడకూడదు. మూడు చిన్న చెంచాల (టీస్పూన్ల) పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకీ తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, పెద్దవాళ్లని కేకేసి 108కి ఫోన్ చేయండి. పంచదార డబ్బాని వంటింటి అలమరలో కింది అరలోకి దించాను, చిట్టితల్లికి కూడా అందుతుంది.

సంక్రాంతికి అరిసెలు వండుతాను. తాతయ్యకీ ఒకటి పెడదాం. ఆ పూట అన్నం తగ్గించి వడ్డించే పని బుజ్జిగాడిది.

ఇట్లు,
మీ నాయనమ్మ