పోటీలు పెరిగాయి, పేజీలు తగ్గాయి: తెలుగులో కొత్త రచయితల దారి ఎక్కడ మొదలైంది, ఎక్కడికొచ్చింది

ఉగాదికి ముందూ సంక్రాంతికి ముందూ వాట్సాప్ గ్రూపుల్లో కథల పోటీ ప్రకటనలు వరసకడతాయి. ఒకటి తల్లి పేరు మీద, ఒకటి తండ్రి స్మారకంగా, ఒకటి ప్రవాస సంఘం తరఫున, ఒకటి వెబ్ పత్రిక వార్షికోత్సవానికి. బహుమతి మొత్తాలు కూడా ఒకప్పటితో పోలిస్తే బాగానే ఉంటున్నాయి. అయినా మొదటి కథ రాసుకున్న కుర్రాడో, పిల్లలు పెద్దయ్యాక కలం పట్టుకున్న గృహిణో అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. "దీన్ని ఎవరికి పంపాలి?" పోటీలు ఇన్ని ఉండగా ఈ ప్రశ్న ఎందుకు మిగిలిందో తెలియాలంటే నూట ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

తెలుగులో పోటీ పెట్టి, బహుమతి ఇచ్చి కొత్త నవలలు రాయించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి రాజమండ్రిలో జరిగింది. న్యాపతి సుబ్బారావు, కందుకూరి వీరేశలింగం నడిపిన 'చింతామణి' పత్రిక 1890లలో నవలలకు పోటీలు పెట్టింది. అప్పటికి నవల అనేదే మనకు కొత్త. రాసేవాళ్లు తక్కువ, అచ్చువేసే ధైర్యం ఇంకా తక్కువ. 1893లో ఖండవల్లి రామచంద్రుడి 'ధర్మవతీ విలాసం' బహుమతి అందుకుంది. మరుసటి ఏడాది చిలకమర్తి లక్ష్మీనరసింహం 'రామచంద్ర విజయం' గెలిచింది. అప్పటికి చిలకమర్తి వయసు ఇరవై ఏడు. చూపు సరిగా ఆనని మనిషి. ఆ బహుమతి తర్వాత ఆయన నవల మీద నవల రాస్తూ పోయారు. కొత్తవాడికి తొలి గెలుపు ఎంత ఊపిరి పోస్తుందో చెప్పడానికి మన సాహిత్య చరిత్రలో ఇంతకంటే పాత సాక్ష్యం దొరకదు.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో హైదరాబాదులో మొదలైన ప్రచురణ సంస్థ విజ్ఞాన చంద్రికా మండలి కూడా ఇదే దారి పట్టింది. ఆ పోటీల పుణ్యాన 'రాయచూరు యుద్ధము', 'రాణీ సంయుక్త', 'విమలాదేవి' లాంటి చారిత్రక నవలలు వరసగా వచ్చాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పోటీ పెట్టినవాళ్లకు చరిత్ర మీద మక్కువ ఉంటే రాసేవాళ్లూ చరిత్రే రాశారు. పోటీ అన్నది రచయితను వెతికి ఊరుకోదు, అతను ఏం రాయాలో కూడా కొంత తేల్చేస్తుంది. ఈ లక్షణం ఇప్పటికీ పోలేదు.

1934 సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది ఆంధ్ర విశ్వకళా పరిషత్తు (ఇప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం) నవలల పోటీలో బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' పంచుకున్నాయి. గడువు ముంచుకొస్తుంటే విశ్వనాథ ఆశువుగా చెబుతుండగా తమ్ముడు రాసిపెట్టిన నవల 'వేయిపడగలు'. సాహిత్య చరిత్రలన్నీ ఈ పోటీని గొప్పగా చెబుతాయి, చెప్పాలి కూడా. కానీ నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణ కవికి ఆ తలుపు ఎంత దూరం?

సరిగ్గా అదే 1934లో హైదరాబాదులో ఇంకో పని జరిగింది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. 354 మంది కవుల పద్యాలు, వివరాలు ఒకచోట చేర్చారు. ఉర్దూ రాజభాషగా ఉన్న చోట, 1926 నుంచీ తాను నడుపుతున్న గోలకొండ పత్రికనే ఆసరా చేసుకుని, ఊరూరి కవుల దగ్గరా రచనలు తెప్పించి అచ్చువేశారు. మొదటి బహుమతీ లేదు, రెండోదీ లేదు. పంపినవాళ్లకు తమ పేరు, తమ ఊరు, తమ పద్యం అచ్చులో కనిపించాయి. ఒక ప్రాంతం రచయితలకు అవకాశం ఇవ్వడమంటే ఏమిటో నాకు ఈ సంచిక చెప్పినంత గట్టిగా ఏ పోటీ చెప్పలేదు. పోటీ ఇద్దర్ని గెలిపించింది, సంచిక 354 మందిని నిలబెట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక కథకు బంగారు కాలం నడిచింది. దానికి ఊతమిచ్చిన కబురు దేశం బయట నుంచి వచ్చింది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ స్థాయిలో పెట్టిన కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' రెండో బహుమతి గెలుచుకుంది. తెలుగులో రాసిన కథ ప్రపంచం ముందు నిలబడగలదన్న నమ్మకం ఆ ఒక్క కబురుతో పల్లెల్లోని కుర్ర రచయితల దాకా పాకింది.

ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాల పాటు వారపత్రికలదే రాజ్యం. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, తర్వాత స్వాతి. మాసపత్రికల్లో భారతి, యువ. 1978 నుంచి చతుర, విపుల. దీపావళికీ ఉగాదికీ ప్రత్యేక సంచికలు, వాటికి కథల పోటీలు, నవలల పోటీలు. ఆ రోజుల్లో రాసినవాళ్లకు పోటీ నిబంధనలు నోటికొచ్చు. కాగితానికి ఒకవైపే రాయాలి. కవరు మీద 'కథల పోటీకి' అని స్పష్టంగా ఉండాలి. రచన సొంతమనీ, దేనికీ అనువాదమో అనుసరణో కాదనీ, ఎక్కడా ప్రచురితం కాలేదనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ హామీపత్రం జతచేయాలి. తిరిగి కావాలనుకుంటే సొంత చిరునామా రాసి, తగినన్ని స్టాంపులు అంటించిన కవరు పెట్టాలి. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

వీటన్నిటి మధ్యలో చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉండేది. బహుమతి రాని కథల్లో బాగున్నవాటిని సాధారణ ప్రచురణకు తీసుకుంటామని. కొత్త రచయితకు అసలు తలుపు ఆ వాక్యమే. మొదటి బహుమతి ఎవరో చెయ్యి తిరిగినవాళ్లు పట్టుకుపోయేవారు, అది మామూలే. కానీ నాలుగు నెలలకో ఆరు నెలలకో పోస్టుమాన్ ఒక కార్డు తెచ్చేవాడు: మీ కథ సాధారణ ప్రచురణకు స్వీకరించాం, వీలు వెంబడి వేస్తాం. వారానికి రెండు మూడు కథలు వేసే పత్రికకు ఏడాదికి నూరు పైగా కథలు కావాలి. అన్నీ పేరున్నవాళ్ల దగ్గర్నుంచే రావు కదా. పత్రికకు కథ అవసరం, కొత్తవాడికి పేజీ అవసరం. ఆ ఇద్దరి అవసరమే ఒక తరాన్ని తయారుచేసింది. అరవైల్లో, డెబ్భైల్లో అంతమంది స్త్రీలు రచయితలుగా నిలదొక్కుకోవడానికి కూడా ఈ పేజీలే కారణం. ఇల్లు కదలకుండా, ఎవరి సిఫార్సూ లేకుండా, ఒక కవరుతో పని జరిగేది.

అప్పుడంతా బాగుందని మాత్రం అనను. పత్రికా కార్యాలయాలు మద్రాసు, విజయవాడ, హైదరాబాదు నగరాల్లో ఉండేవి. శ్రీకాకుళం యాసలోనో పాలమూరు మాటలోనో రాసిన కథ డెస్కు మీద కృష్ణా, గుంటూరు జిల్లాల భాషలోకి దిద్దుకుని బయటికి రావడమో, అర్థం కాలేదని తిరుగు టపాలో వెళ్లడమో జరిగేది. ప్రాంతాల వారీగా సంకలనాలు, సంస్థలు తర్వాత్తర్వాత పుట్టుకురావడం వెనక ఈ బాధ ఉంది. ప్రభుత్వం వైపు నుంచి 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1983లో మిగతా అకాడమీలతో పాటు రద్దయింది. పనులు తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి వెళ్లాయి గానీ, కొత్త రచయిత చేయి పట్టుకుని నడిపించే బాధ్యత నికరంగా ఎవరి భుజాన పడిందీ అంటే చెప్పడం కష్టం.

తర్వాత పత్రికలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. టీవీ వచ్చి సీరియల్ పాఠకుల్ని ఎగరేసుకుపోయింది. 1924లో మొదలైన భారతి 1991లో మూతపడింది. చతుర, విపుల 2021లో ఆగాయి. కరోనా కాలం మిగిలినవాటి మీదా దెబ్బకొట్టింది. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, నమస్తే తెలంగాణ లాంటి దినపత్రికల ఆదివారం సంచికల్లో కథకు చోటుంది, కానీ వారానికి ఒక్క కథ. రెండు రాష్ట్రాల్లో రాసేవాళ్లంతా ఆ ఒక్క కథ చోటు కోసమే ఎదురుచూడాలి.

పేజీలు తగ్గుతున్న ఆ కాలంలోనే పోటీలు పెరిగాయి. మొదట ప్రవాసుల డబ్బు వచ్చింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా పెట్టిన నవలల పోటీలో 1997లో చంద్రలత 'రేగడివిత్తులు' గెలిచింది. 2017లో బండి నారాయణస్వామి 'శప్తభూమి'ని తానా ఎంపిక చేస్తే, 2019లో దానికే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' కూడా తానా గుర్తించిన నవలే, తర్వాత సినిమా అయింది. వారపత్రికలు సీరియల్ ఆపేసిన కాలంలో ఏళ్ల తరబడి కూర్చుని రాసే పెద్ద నవలకు దన్నుగా నిలిచినందుకు ఈ పోటీని మెచ్చుకోవాలి. ముఖ్యంగా రాయలసీమ నవలకు. కానీ ఇక్కడ గెలిచినవాళ్లు చాలావరకు అప్పటికే చెయ్యి తిరిగినవాళ్లు. రెండు లక్షల బహుమతి పెట్టినచోట కొత్తవాడూ పాతవాడూ ఒకే గీత మీద నిలబడతారు. ఆ తేడా గుర్తించినవాళ్లలో హ్యూస్టన్ కేంద్రంగా పనిచేసే వంగూరి ఫౌండేషన్ ఒకటి. ఏటా ఉగాదికి పెట్టే రచనల పోటీలో 'మొట్టమొదటి రచనా విభాగం' అని విడిగా ఉంచింది. ఇంత తేలికైన ఏర్పాటు మిగతా పోటీల్లో ఎందుకు లేదో అర్థం కాదు.

కేంద్ర సాహిత్య అకాడమీ 2011లో యువ పురస్కారం మొదలుపెట్టింది. ముప్పై అయిదేళ్లలోపు వాళ్లకు, యాభై వేల రూపాయలు. తెలుగులో తొలి పురస్కారం వేంపల్లి గంగాధర్ కథల పుస్తకం 'మొలకల పున్నమి'కి. తర్వాత పసునూరి రవీందర్, చైతన్య పింగళి, మెర్సీ మార్గరెట్, బాలసుధాకర్ మౌళి, మానస ఎండ్లూరి, తగుళ్ల గోపాల్, పల్లిపట్టు నాగరాజు, 2024లో బంజారా జీవితాన్ని కథలుగా రాసిన రమేశ్ కార్తీక్ నాయక్. ఈ జాబితాను ఒకసారి మెల్లగా చదవండి. విజయనగరం నుంచి చిత్తూరు దాకా, ఓరుగల్లు నుంచి ఇందూరు తండాల దాకా కనిపిస్తాయి. దళిత, బహుజన, గిరిజన గొంతులు ఒక జాతీయ పురస్కారంలో ఇంత వరసగా వినిపించడం అంతకుముందు లేదు. యాసను దిద్దే డెస్కు మధ్యలో లేకపోవడం కూడా దీనికి ఒక కారణమని నా నమ్మకం. చిక్కల్లా వయసు గీత దగ్గరే. ఉద్యోగం, పెళ్లి, పిల్లల చదువులు దాటుకుని నలభైలో మొదటి పుస్తకం వేసే స్త్రీ కొత్త రచయితే కదా! ఆమెకు ఈ తలుపు మూసే ఉంది.

జిల్లాల్లో జరుగుతున్న పని నాకు అన్నిటికంటే ఆశ కలిగిస్తోంది. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు ప్రజా గ్రంథాలయం నమస్తే తెలంగాణతో కలిసి కథల పోటీ నిర్వహిస్తోంది. ఒక పల్లె గ్రంథాలయం పిలిస్తే తెలుగువాళ్లు ఎక్కడెక్కడి నుంచో కథలు పంపుతున్నారు. విజయవాడలో రమ్యభారతి పత్రిక సోమేపల్లి పేరిట చిన్న కథలకు పోటీ పెడుతోంది. విజయనగరంలో ఏటా జనవరి 17న, కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) పుట్టినరోజున, ఆయన పేరిట స్ఫూర్తి పురస్కారం ఇస్తున్నారు. శ్రీకాకుళంలో 1997లో కథకుడు కాళీపట్నం రామారావు తన పురస్కారాల సొమ్ముతో కట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, పోటీలు పెట్టదు. అయినా కొత్తగా రాసేవాళ్లు ఒక్కసారైనా వెళ్లాల్సిన చోటు. తాము రాయబోయే వస్తువు మీద ముందువాళ్లు ఏం రాశారో అక్కడ చూసుకోవచ్చు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, చలికాలంలోనే హైదరాబాద్ బుక్ ఫెయిర్ కొత్త పుస్తకాల ఆవిష్కరణలకు వేదికలయ్యాయి. పత్రికాఫీసు మెట్లు ఎక్కలేని కొత్తవాళ్లు అక్కడ స్టాలు దగ్గరే ప్రచురణకర్తతో నేరుగా మాట్లాడుతున్నారు.

ఇక ఆన్‌లైన్ సంగతి. 1998 నుంచీ నడుస్తున్న వెబ్ పత్రిక 'ఈమాట' రచనను సమీక్షకులతో చదివించి, సూచనలు చెప్పి, దిద్దించి వేస్తుంది. వారపత్రికలు వదిలేసిన సంపాదకత్వం అక్కడ మిగిలింది. ప్రతిలిపి లాంటి వేదికల పద్ధతి వేరు. ఎవరైనా, ఏదైనా, ఇవాళే పెట్టుకోవచ్చు. పోటీలూ తరచుగా ఉంటాయి. చదువరుల సంఖ్య, రేటింగు ముందుకు తోస్తాయి. రాసే అలవాటు పడటానికి మంచిదే. కాకపోతే మొదటి రోజే ఐదు నక్షత్రాలు పడిన కథలో మూడో పేరా అనవసరం అని చెప్పే మనిషి అక్కడ దొరకడు.

ఈ సందట్లో మోసాలూ మొదలయ్యాయి. ప్రవేశ రుసుం కట్టించుకోవడం, మీ కథ సంకలనానికి ఎంపికైంది, కనీసం ఇన్ని కాపీలు కొనాలి అనడం, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక బిరుదు, శాలువా, ఫోటో. మొదటి రచన కాబట్టి కొత్తవాళ్లు మొహమాటానికో సంబరానికో డబ్బు కట్టేస్తున్నారు. రచయిత దగ్గర డబ్బు అడిగే పోటీకి దూరంగా ఉండమని నేనైతే గట్టిగా చెబుతాను. పాత పత్రికలు అడిగింది తిరుగు కవరుకి స్టాంపులు మాత్రమే, అదీ కథ వెనక్కి కావాలంటేనే.

ఇప్పటి నిబంధనల్లో చాలావరకు పాతవే. యూనికోడ్‌లో టైప్ చేయాలి, పీడీఎఫ్ పంపొద్దు అన్నవి కొత్తగా చేరాయి. హామీపత్రం అలాగే ఉంది. ఫలితాలు వచ్చేదాకా మరెక్కడికీ పంపకూడదన్న షరతు కూడా ఉంది. నిర్వాహకులు గడువు పొడిగిస్తూ పోతే కథ నెలల తరబడి అక్కడే ఇరుక్కుంటుంది. సాధారణ ప్రచురణకు తీసుకుంటామన్న వాక్యం మాత్రం చాలా ప్రకటనల్లోంచి మాయమైంది. పోటీ పెట్టే సంస్థలకు సొంత పత్రిక లేదు కాబట్టి వేసుకోవడానికి చోటూ లేదు. మూడు నాలుగు వందల కథలు వస్తే ముగ్గురికి బహుమతులు, పదిమందికి ప్రోత్సాహకాలు. మిగతావాళ్లకు కథ అందిందో లేదో కూడా తెలియదు.

దీన్ని సరిచేయడానికి పెద్ద నిధులేం అక్కర్లేదు. తుది వడపోతకు వచ్చిన ముప్పై కథలకైనా న్యాయనిర్ణేతలు రెండు మూడు వాక్యాల అభిప్రాయం రాసి పంపొచ్చు. వాళ్లు ఎలాగూ చదివినవే. మొదటిసారి రాసేవాళ్లకు వేరే విభాగం పెట్టొచ్చు, వయసుతో పని లేకుండా. బహుమతి సభ రోజు పొద్దుట సన్మానాలకు ముందు రెండు గంటలు కార్యశాల జరపొచ్చు, ఎలాగూ రచయితలంతా ఆ ఊరికి వస్తారు. ఈ సంక్రాంతికి పోటీ ప్రకటించబోతున్న సంస్థలు కనీసం మొదటి పని మొదలుపెట్టినా, కథ పంపి ఊరుకున్న ఎందరో రెండో కథ రాస్తారు.