దోసె మాడు, ఇనుప పెనం

చెన్నై మాంబళంలో మా ఇంట్లో ఇప్పటికీ అమ్మ నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఇనుప పెనమే. మొన్న ఆదివారం నేను ఫోన్ చూస్తూ ఉండిపోయాను. "ఒరేయ్, దోసె మాడిపోతోంది, మంట తగ్గించు!" అని హాల్లోంచి అమ్మ కేక. అట్లకాడతో గీకితే నల్లటి మాడు రాలింది. ఆ మాడులో ఎక్కువగా ఉన్నది కార్బన్. కింద పెనం ఇనుము. రెండూ నక్షత్రాల్లో పుట్టినవే.

విశ్వం మొదట్లో ఉన్నవి హైడ్రోజన్, హీలియం, చిటికెడు లిథియం. నక్షత్రాలు హైడ్రోజన్‌ని హీలియంగా మార్చేస్తాయి. అసలు చిక్కు ఆ తర్వాతే. రెండు హీలియం కేంద్రకాలు కలిస్తే బెరీలియం-8 వస్తుంది, కానీ అది సెకనులో లక్ష కోట్లో వంతు సేపు కూడా నిలవదు. విడిపోయేలోపే మూడో హీలియం వచ్చి తగలాలి. పది కోట్ల డిగ్రీల వేడిలో కూడా అలా తగిలేది అరుదు. మరి ఇంత కార్బన్ ఎక్కడిది?

1953లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ ఈ ప్రశ్నను పట్టుకుని వదల్లేదు. కార్బన్ కేంద్రకానికి సుమారు 76.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర ఒక ప్రత్యేక శక్తి స్థాయి ఉండి తీరాలన్నాడు. అది ఉంటేనే మూడు హీలియంలు తేలిగ్గా కలుస్తాయి. కాలిఫోర్నియాలో భౌతిక శాస్త్రవేత్త విలియం ఫౌలర్ పనిచేసే ప్రయోగశాలలో వెతికారు. దాదాపు హోయల్ చెప్పిన చోటే దొరికింది! ఆకాశంలో కార్బన్ ఉందన్న ఒక్క ఆధారంతో పరమాణువు లోపలి సంగతి చెప్పడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు పులకరింపే.

ఇనుము కథకు మా ఊరితో చుట్టరికం ఉంది. ఇక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1930లో ఇంగ్లండ్ వెళ్లే ఓడలో లెక్కలు వేశాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తెల్ల మరుగుజ్జు నక్షత్రం, ఒక హద్దు దాటితే తన బరువు తాను మోయలేదని తేల్చాడు. ఆ హద్దు సూర్యుడి బరువుకు దాదాపు 1.4 రెట్లని తర్వాత తేలింది. పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కుంటూ ఆ హద్దు దగ్గరికి వచ్చిన మరుగుజ్జు పేలిపోగలదు. మన ఇనుములో పెద్ద భాగం తెల్ల మరుగుజ్జుల పేలుళ్లదే. అయితే పేలినప్పుడు ముందు వచ్చేది ఇనుము కాదు, నికెల్-56. ఆరు రోజుల్లో అందులో సగం కోబాల్ట్ అవుతుంది. ఆ కోబాల్ట్‌లో సగం ఇనుముగా మారడానికి ఇంకో 77 రోజులు. పేలిన నక్షత్రం వారాల తరబడి వెలిగేది ఈ మార్పుల వేడితోనే.

1983లో నోబెల్ బహుమతిని చంద్రశేఖర్, ఫౌలర్ కలిసి పంచుకున్నారు.